జన్యు పరీక్షలో "వీయూఎస్" అని వచ్చింది. మా తండాల వాళ్లకు ఈ పరీక్షలు పనికొస్తాయా?

దేవరకొండ వైపు తండా నుంచి ఒక తమ్ముడు అడిగిన ప్రశ్న ఇది. వాళ్ల అన్న కొడుక్కి ఆరేళ్లు. నడక ఆలస్యమైంది, మాట రాలేదు, మూడో ఏట నుంచి ఫిట్స్ వస్తున్నాయి. తల్లిదండ్రులది మేనరికం. అప్పు చేసి హైదరాబాద్‌లో ఎక్సోమ్ పరీక్ష (జన్యువుల్లోని ముఖ్య భాగాలన్నిటినీ ఒకేసారి చదివేది) చేయిస్తే, ఒక జన్యువు రెండు కాపీల్లోనూ, అంటే తల్లి నుంచి వచ్చినదాంట్లో, తండ్రి నుంచి వచ్చినదాంట్లో ఒకే మార్పు ఉందని, అది "వీయూఎస్", అంటే అర్థం తేలని మార్పు అని రిపోర్టు వచ్చింది. "మీ వాళ్ల డేటా లేదు, ఇంతకంటే చెప్పలేం" అన్నారట డాక్టర్. ఇంతలో ఒక పరిశోధన బృందం తండాకు వచ్చి రక్తం నమూనాలు ఇస్తారా అని అడిగిపోయింది. పెట్టిన డబ్బు దండుగేనా, వాళ్లకు రక్తం ఇవ్వాలా, వదిన ఇంకో బిడ్డను కనొచ్చా అని అడుగుతున్నారు.

డబ్బు దండుగ కాలేదు. ఆ రిపోర్టుతో సగం పని అయింది, మిగతా సగం ఇంట్లో వాళ్ల రక్తంతో తేలుతుంది. దానికి ఎక్సోమ్‌కు అయినంత ఖర్చు కాదు. వీయూఎస్‌ను పట్టుకుని ఏ నిర్ణయమూ తీసుకోవద్దు: గర్భం తీయించుకోవద్దు, ఎవరి పెళ్లీ ఆపొద్దు, బాబు మందులు మార్చొద్దు. పరిశోధనకు రక్తం ఇవ్వడం మంచిదే, కానీ కింద రాసిన షరతులు అడిగి, జవాబు వచ్చాకే ఇవ్వండి. వదిన బిడ్డను కనొచ్చు, అయితే కుటుంబ పరీక్షలు గర్భానికి ముందే పూర్తి చేసుకోవాలి.

"డేటా లేదు" అనే మాటకు అసలు అర్థం ఏమిటో ముందు చెప్పాలి, ఎందుకంటే దాన్ని చాలామంది "మీ రక్తంలోనే ఏదో తేడా ఉంది" అన్నట్టు వింటున్నారు. అలాంటిదేమీ లేదు. లోటు ఉన్నది ల్యాబుల దగ్గరి లెక్కల్లో.

జన్యు మార్పులను ల్యాబులు 2015లో అమెరికాలో వచ్చిన మార్గదర్శకాల ప్రకారం ఐదు రకాలుగా విడదీస్తాయి: జబ్బు చేసేది, బహుశా జబ్బు చేసేది, అర్థం తేలనిది, బహుశా హాని లేనిది, హాని లేనిది. మధ్యలో ఉన్నదే వీయూఎస్. ఒక మార్పును ఏ గడిలో వేయాలో తేల్చేటప్పుడు మొదట చూసేది, ఆరోగ్యంగా ఉన్న జనంలో అది ఎంతమందికి ఉంది అని. చాలామందికి ఉంటే పుట్టుకతో వచ్చే అరుదైన జబ్బుకు అది కారణం కాదని పక్కన పెడతారు. ఎవరికీ లేకపోతే అనుమానం పెరుగుతుంది. చిక్కంతా ఇక్కడే. ఆ "జనం" ఎవరు? 2018 నాటికి ప్రపంచంలో జరిగిన పెద్ద జన్యు అధ్యయనాల్లో పాల్గొన్నవాళ్లలో దాదాపు 78 శాతం యూరప్ మూలాల వాళ్లే. అందులో లంబాడా కుటుంబాలు గానీ, నల్లమల చెంచులు గానీ ఎంతమంది ఉంటారు? ఒక మార్పు "డేటాబేస్‌లో సున్నా" అని రిపోర్టులో రాస్తే, అది నిజంగా అరుదా, లేక మన వాళ్లను ఎవరూ లెక్కించలేదా అన్నది ఆ సున్నా చెప్పదు. ఓటరు లిస్టులో పేరు లేనంత మాత్రాన ఆ ఊళ్లో మనిషే లేడని అనలేం కదా.

దీనివల్ల రెండు వైపులా నష్టం జరుగుతుంది. నిజంగా జబ్బు చేసే మార్పు వీయూఎస్ గడిలోనే ఉండిపోవడం ఒకటి, మీ ఇంట్లో జరుగుతున్నది ఇదే కావొచ్చు. రెండోది ఇంకా ప్రమాదం: హానిలేని మార్పును జబ్బు అని రాసెయ్యడం. అమెరికాలో గుండె కండరం మందమయ్యే జబ్బు విషయంలో ఇది బయటపడింది. నల్లజాతి వాళ్లలో మామూలుగా కనిపించే కొన్ని మార్పులను ఏళ్ల తరబడి జబ్బు చేసేవిగా రిపోర్టుల్లో రాశారని 2016లో వచ్చిన ఒక అధ్యయనం చూపింది. పోల్చడానికి తీసుకున్న జనంలో కొద్దిమంది నల్లజాతి వాళ్లను కలుపుకున్నా ఆ తప్పులు జరిగేవి కావని కూడా అందులో రాశారు.

మన దేశం నుంచి కూడా ఒక ఉదాహరణ ఉంది. ఎంవైబీపీసీ3 అనే జన్యువులో 25 అక్షరాలు ఊడిపోయిన మార్పు భారత ఉపఖండం వాళ్లలో దాదాపు 4 శాతం మందికి ఉంటుంది, యూరప్ వాళ్లలో దాదాపు కనిపించదు. 2009లో హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలు కూడా ఉన్న బృందం దీనికీ గుండె వైఫల్యానికీ సంబంధం ఉందని ప్రకటించింది. దాని పక్కనే అదే ముక్క మీద ప్రయాణించే వేరే మార్పులకు ఆ ప్రమాదంలో పెద్ద వాటా ఉందని తర్వాతి పరిశోధనల్లో తేలింది. కాబట్టి మీ రిపోర్టులో అది కనిపిస్తే గుండెజబ్బు ఖాయమని భయపడొద్దు. ఒక ఎకో తీయించుకుని, గుండె డాక్టర్‌కు చూపించి, ఏటేటా వెళ్లాలా వద్దా అడగండి.

ఇప్పుడు బాబు రిపోర్టు దగ్గరికి వద్దాం.

మేనరికం పిల్లల్లో రెండు కాపీల్లో ఒకే అరుదైన మార్పు కనిపించడం పెద్ద వింత కాదు. మేనత్త, మేనమామ పిల్లల మధ్య పెళ్లి అయితే బిడ్డ జన్యువుల్లో సగటున పదహారో వంతు, మేనమామ మేనకోడళ్లది అయితే ఎనిమిదో వంతు, రెండు వైపులా ఒకే పూర్వీకుడి నుంచి వచ్చిన ఒకే ముక్క అయి ఉంటుంది. ఆ ముక్కల్లో ఎన్నో అరుదైన మార్పులు జంటగా కూర్చుని ఉంటాయి, వాటిలో ఎక్కువ భాగం నిరపాయమైనవే. కాబట్టి "రెండు కాపీల్లో ఉంది, మేనరికం కూడా, ఇదే కారణం" అని ఎవరైనా తేల్చేస్తే నమ్మొద్దు. దాన్ని ఇలా పరీక్షించాలి.

మొదట తల్లిదండ్రులిద్దరికీ ఆ ఒక్క మార్పు కోసమే పరీక్ష. దీన్ని సాంగర్ పరీక్ష అంటారు. ఈడీటీఏ గొట్టంలో, అంటే ఊదా మూత దాంట్లో, 2 నుంచి 4 మిల్లీలీటర్ల రక్తం చాలు. ఇద్దరికీ ఒక్కో కాపీ ఉండాలి. ఒకరికి అసలు లేకపోతే బాబు రిపోర్టునే మళ్లీ చూడాలి: బాబుకు ఒక కాపీలో ఆ భాగమే ఊడిపోయి ఉండొచ్చు, అప్పుడు మిగిలిన ఒక్క కాపీ రెండు కాపీల్లా కనిపిస్తుంది. ఇద్దరికీ ఒక్కోటి ఉందని తేలితే లెక్క సరిపోయినట్టే, కానీ జబ్బుకు కారణం అదేనని ఇంకా రుజువు కాలేదు. చాలామంది ఇక్కడే ఆగిపోతారు.

అసలు సమాచారం తోబుట్టువుల దగ్గర ఉంటుంది. బాబుకు ఆరోగ్యంగా ఉన్న అక్కో అన్నో ఉండి, వాళ్లకూ రెండు కాపీల్లో అదే మార్పు ఉంటే, ఆ జబ్బు ఈపాటికి బయటపడాల్సిన రకమైతే, ఈ మార్పు నిర్దోషి అన్నట్టే. వాళ్లకు ఒక కాపీ ఉన్నా, అసలు లేకపోయినా దాని విలువ తక్కువ, ఎందుకంటే ఉట్టి అదృష్టం మీద కూడా నాలుగింట మూడు వంతులు అలాగే వస్తుంది. ఇదే లక్షణాలున్న ఇంకో బిడ్డ, చిన్నాన్న ఇంట్లోనో మేనత్త ఇంట్లోనో ఉంటే వాళ్లను పరీక్షించడం అన్నిటికంటే బలమైన ఆధారం ఇస్తుంది. వంశవృక్షం గీసేటప్పుడు చిన్నప్పుడే పోయిన పిల్లల్ని కూడా రాయండి, "జ్వరమొచ్చి పోయాడు" అని వదిలేయకండి. ఫిట్స్ ఉండేవా, మెడ నిలిపాడా, ఎన్నో నెలలో పోయాడు అన్నవి నానమ్మలను అడిగితేనే తెలుస్తాయి.

ఆ తర్వాతిది డేటా లోటును నేరుగా పూడ్చే పని: మీ వాళ్లలోనే ఆరోగ్యంగా ఉన్న, దగ్గరి చుట్టరికం లేని పెద్దవాళ్లలో ఈ మార్పు ఎంతమందికి ఉందో చూడటం. ఇది ఒక కుటుంబం చేయించుకునేది కాదు, పరిశోధన బృందాలు చేయాలి. ఇందులో ఒక మెలిక ఉంది, కొన్ని ల్యాబులు కూడా ఇక్కడ పొరపాటు పడుతుంటాయి. మార్పు మీ వాళ్లలో ఎక్కువగా కనిపించినంత మాత్రాన అది హానిలేనిదని కాదు. కొద్దిమంది పూర్వీకుల నుంచి పెరిగిన జనంలో జబ్బు మార్పు కూడా బాగా వ్యాపించి ఉండొచ్చు. ఇరవై మందిలో ఒకరు ఒక్క కాపీ మోస్తున్నారనుకుంటే, దగ్గరి చుట్టరికపు పెళ్లిళ్లు లేకపోయినా 1,600 జననాల్లో ఒక బిడ్డకు జబ్బు వస్తుంది. అంటే అరుదుగానే కనిపిస్తుంది. అందుకే చూడాల్సింది ఎంతమంది మోస్తున్నారని కాదు, రెండు కాపీలు ఉండి కూడా ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లు ఉన్నారా అని.

"మాది మేనరికం కాదు, గోత్రం వేరు, మాకెందుకు వస్తుంది" అని అడిగేవాళ్లూ ఉంటారు. గోత్రం వేరైనా సంబంధం అదే సమూహంలో కదా. వందల ఏళ్లుగా లోపలే పెళ్లిళ్లు చేసుకుంటే దూరపు చుట్టాలు కూడా జన్యువుల్లో దగ్గరే. సీసీఎంబీ, హార్వర్డ్ శాస్త్రవేత్తలు కలిసి 2017లో దక్షిణాసియాకు చెందిన 263 సమూహాలను పరిశీలిస్తే, 81 సమూహాల్లో కొద్దిమంది పూర్వీకుల నుంచే పెరిగిన ఈ ప్రభావం ఫిన్లాండ్ వాళ్లలో, అష్కెనాజీ యూదుల్లో ఉన్నదానికంటే బలంగా కనిపించింది. అందులో 14 సమూహాల జనాభా పది లక్షలు దాటింది. ఆ యూదుల్లో వచ్చే జబ్బులకు పెళ్లికి ముందు పరీక్షలు ఎప్పటి నుంచో ఉన్నాయి. మన సమూహాల్లో చాలావాటికి ఏ జబ్బులు వస్తాయో జాబితా కూడా లేదు. ఇది అన్యాయం, ఆ మాట గట్టిగా చెప్పాల్సిందే.

ఈ లోటు తండాలకూ గూడేలకూ మాత్రమే పరిమితం కాదు. జడ్చర్ల, మిర్యాలగూడ వ్యాపార కుటుంబాల్లో ఎక్కువగా ఉండే ఆర్యవైశ్యుల్లో సూడోకోలిన్‌ఎస్టరేస్ అనే ఎంజైము పుట్టుకతోనే తక్కువగా ఉండటం మామూలు జనంలో కంటే చాలా ఎక్కువ. ఆపరేషన్‌లో సక్సినైల్‌కోలిన్ అనే కండరాల మందు ఇస్తే నిమిషాల్లో తేరుకోవాల్సిన మనిషి గంటల తరబడి సొంతంగా ఊపిరి తీసుకోలేరు, వెంటిలేటర్ మీద ఉంచాల్సి వస్తుంది. మత్తు డాక్టర్‌కు ముందే చెబితే వేరే మందు వాడతారు, అంతే. ఆ ఎంజైము పరీక్ష ఖరీదైంది కూడా కాదు. ఒక జాగ్రత్త: పత్తి చేలకు మందు కొట్టేవాళ్లలో ఆర్గానోఫాస్ఫేట్ మందుల వల్ల కూడా ఇదే ఎంజైము పడిపోతుంది, గర్భిణుల్లో, కాలేయ జబ్బులోనూ తగ్గుతుంది. కాబట్టి పిచికారీ పనులు మానేసి కొన్ని వారాలయ్యాక మళ్లీ చూడకుండా "వంశపారంపర్యం" అని రాయకూడదు.

మళ్లీ బాబు సంగతి. ఎక్సోమ్ చేయించారు సరే, దానికంటే ముందు కావాల్సిన చిన్న పరీక్షలు అయ్యాయా? ఫిట్స్, ఎదుగుదల లోపం ఉన్న బిడ్డలో మందుతో బాగయ్యే జబ్బులు ముందు చూడాలి. థైరాయిడ్. రక్తంలో అమైనో ఆమ్లాలు, ఎసైల్‌కార్నిటిన్‌లు చూసే టీఎంఎస్ పరీక్ష. మూత్రంలో ఆర్గానిక్ ఆమ్లాలు. బయోటినిడేస్ ఎంజైము. ఈ చివరిది లోపిస్తే ఫిట్స్, ఒంటి మీద దద్దుర్లు, జుట్టు ఊడటం, వినికిడి తగ్గడం కనిపిస్తాయి. దాని మందు బయోటిన్ అనే మామూలు విటమిన్, రోజుకు 5 నుంచి 10 మిల్లీగ్రాములు, జీవితాంతం. ఎంత త్వరగా మొదలుపెడితే అంత నష్టం తప్పుతుంది. ఇవి చూడకుండా నేరుగా ఎక్సోమ్‌కు రాసి పేద కుటుంబాన్ని అప్పుల్లోకి దించడం నాకు బొత్తిగా నచ్చని పద్ధతి. పైగా ఎక్సోమ్‌కు కనబడనివీ ఉన్నాయి: మాట రాని మగబిడ్డల్లో చూడాల్సిన ఫ్రాజైల్ ఎక్స్ అనే జన్యు జబ్బుకు వేరే పరీక్ష కావాలి, పెద్ద క్రోమోజోమ్ ముక్కల లోపాలకు మైక్రోఅరే అనే పరీక్ష మేలు.

ల్యాబును రాతపూర్వకంగా అడగాల్సినవి కూడా ఉన్నాయి. ముడి డేటా మీది, అడిగి తీసుకోండి: ఫాస్ట్‌క్యూ లేదా బ్యామ్ ఫైలు, దాంతో పాటు వీసీఎఫ్ ఫైలు, పెన్‌డ్రైవ్‌లో. ఎక్కువ ల్యాబులు కొంతకాలం తర్వాత వాటిని చెరిపేస్తాయి, అందుకే ఇప్పుడే. ఏడాది రెండేళ్ల తర్వాత అదే డేటాను మళ్లీ విశ్లేషిస్తే, మొదట జవాబు దొరకని పదిమందిలో ఒకరికి దాకా జవాబు దొరుకుతుంది, రక్తం మళ్లీ తీయక్కరలేదు. తల్లిదండ్రుల సాంగర్ పరీక్షను వీయూఎస్ కేసుల్లో కొన్ని ల్యాబులు ఉచితంగానో తక్కువకో చేస్తాయి, కానీ అడిగితేనే. రక్తాన్ని ఫ్రీజర్‌లో గడ్డకట్టించి పంపొద్దు. ఎండాకాలంలో దేవరకొండ నుంచి బస్సులో పంపేటప్పుడు థర్మకోల్ డబ్బాలో చల్లటి జెల్ ప్యాక్ పెట్టి, గొట్టానికి నేరుగా తగలకుండా దూదో గుడ్డో అడ్డం వేయండి. క్రోమోజోమ్ పరీక్ష అయితే ఆకుపచ్చ మూత హెపారిన్ గొట్టం, ఒకటి రెండు రోజుల్లో ల్యాబు చేరాలి, లేదంటే కణాలు పెరగవు.

ఎక్కడికి వెళ్లాలి అంటే, పంజాగుట్ట నిమ్స్‌లో మెడికల్ జెనెటిక్స్ విభాగం ఉంది, ఉప్పల్‌లోని డీఎన్‌ఏ పరీక్షల సంస్థ సీడీఎఫ్‌డీతో కలిసి పనిచేస్తుంది. 2021 అరుదైన జబ్బుల జాతీయ విధానం కింద మన వైపు ఉన్న ఎక్సలెన్స్ కేంద్రం ఈ రెండూ కలిసిందే. ఆ విధానంలోకి వచ్చే జబ్బు అని తేలితే చికిత్సకు 50 లక్షల దాకా సాయం పొందే వీలుంది. వెళ్లేటప్పుడు పాత రిపోర్టులు, బాబు ఫిట్స్ వచ్చినప్పుడు ఫోన్‌లో తీసిన వీడియో, ఎంఆర్‌ఐ సీడీ, వంశవృక్షం, వీలైతే అమ్మానాన్న ఇద్దరూ. ఒకరే వస్తే మళ్లీ రావాల్సి వచ్చి ఇంకో కూలి దినం పోతుంది.

తండా మొత్తానికి సంబంధించి ఇంకో మాట. మన జిల్లాల్లో ఎక్కువమందికి అందనిది ఎక్సోమ్ కాదు, హెచ్‌పీఎల్‌సీ అనే రక్తపరీక్ష. తలసీమియా, సికిల్‌సెల్ మోస్తున్నవాళ్లను పట్టేది అదే. "రక్తం తక్కువ" అని నెలల తరబడి ఐరన్ గోలీలు మింగినా హిమోగ్లోబిన్ 9, 10 దాటకపోతే సీబీసీ కాగితం మళ్లీ తీసి చూడండి. ఎంసీవీ (ఎర్ర కణం సైజు) 80 కంటే, ఎంసీహెచ్ (ఒక్కో కణంలోని హిమోగ్లోబిన్) 27 కంటే తక్కువ ఉండి, ఎర్ర కణాల లెక్క మాత్రం 50 లక్షలు దాటి ఉంటే తలసీమియా అనుమానించాలి. ఎంసీవీని ఆ ఎర్ర కణాల మిలియన్ల సంఖ్యతో భాగిస్తే 13 కంటే తక్కువ వచ్చినా అంతే. హెచ్‌పీఎల్‌సీలో హెచ్‌బీ ఏ2 అనే రకం హిమోగ్లోబిన్ దాదాపు 4 శాతం గానీ, అంతకంటే ఎక్కువ గానీ ఉంటే తలసీమియా మోస్తున్నట్టు. 3.5 నుంచి 4 మధ్య ఉంటే వదలకూడదు, ఎందుకంటే ఐరన్ లోపం ఆ అంకెను కిందికి లాగుతుంది. ఐరన్ సరిచేసి మళ్లీ చూడాలి, గర్భిణి అయితే ఆగకుండా ఆ వారమే భర్తకు చేయించాలి. ఇక్కడ పాలమూరు వలసల సమస్య వస్తుంది. భార్య ఊళ్లో, భర్త పుణెలోనో ముంబైలోనో పనిలో. భర్తను అక్కడే ఏ ల్యాబులోనైనా హెచ్‌పీఎల్‌సీ చేయించుకుని, "నార్మల్" అన్న మాట కాకుండా గ్రాఫ్, శాతాలు ఉన్న పేజీ ఫొటో పంపమనండి.

సికిల్‌సెల్ విషయానికొస్తే, 2023 జులై 1న మొదలైన జాతీయ మిషన్ గిరిజన ప్రాంతాల్లో 40 ఏళ్ల లోపు 7 కోట్ల మందిని పరీక్షించాలని పెట్టుకుంది, తెలంగాణ కూడా అందులో ఉంది. శిబిరంలో చేసే సాల్యుబిలిటీ పరీక్ష పాజిటివ్ వస్తే అది జబ్బా, ఒక్క కాపీ మోయడమా చెప్పదు. ఆరు నెలల లోపు పిల్లల్లో, హిమోగ్లోబిన్ మరీ తక్కువ ఉన్నవాళ్లలో, ఈ మధ్య రక్తం ఎక్కించినవాళ్లలో తప్పుగా నెగెటివ్ రావొచ్చు. రక్తం ఎక్కించుకున్న మూడు నెలల దాకా హెచ్‌పీఎల్‌సీ కూడా నమ్మలేం. అప్పటిదాకా ఆగలేకపోతే తల్లిదండ్రులను పరీక్షించడమే దారి. శిబిరం ఎప్పుడు పెడతారన్నది కూడా ముఖ్యం. సంక్రాంతి తర్వాత నుంచి ఎండలు ముగిసేదాకా పెడితే వలస వెళ్లిన కుటుంబాలన్నీ తప్పిపోతాయి, వాళ్లే ఎప్పటిలాగే లెక్కలో లేకుండా పోతారు. మీ ఆశా కార్యకర్తతో మాట్లాడి, జనం ఊళ్లో ఉండే పండగ రోజుల చుట్టూ పెట్టమని పీహెచ్‌సీలో అడగండి.

నల్గొండ వైపు పిల్లలకు ఇంకో ముప్పు, కాళ్లు వంకర పోతే చూడకుండానే "ఫ్లోరైడ్" అనేయడం. మర్రిగూడ, నాంపల్లి వైపు ఫ్లోరోసిస్ నిజమే, తరాలను కుంగదీసింది. కానీ కృష్ణా నీళ్లు తాగి పెరిగిన చిన్న బిడ్డ కాళ్లు వంగుతుంటే రక్తంలో కాల్షియం, ఫాస్ఫేట్, ఆల్కలైన్ ఫాస్ఫటేస్, విటమిన్ డి, మూత్రంలో ఫ్లోరైడ్ చూడాలి. ఫాస్ఫేట్ ఒక్కటే తక్కువగా ఉంటే వంశపారంపర్య రికెట్స్ కావొచ్చు. దానికి చికిత్స ఉంది, ఎముకలు ఎదిగే వయసులోనే ఇవ్వాలి.

మందుల విషయంలో కూడా ఇదే లోటు. రక్త క్యాన్సర్ పిల్లలకు ఇచ్చే మెర్కాప్టోప్యూరిన్ కొందరికి ఒంటికి పడక తెల్ల కణాలు ప్రమాదంగా పడిపోతాయి. యూరప్ వాళ్ల డేటాతో తయారైన పరీక్ష టీపీఎంటీ అనే జన్యువునే చూసేది. ఎన్‌యూడీటీ15 అనే ఇంకో జన్యువు సంగతి 2014లో కొరియా రోగుల్లో బయటపడింది. మన వాళ్లలో కూడా ముఖ్యమైంది అదే. కాబట్టి మీకు తెలిసిన ఏ బిడ్డకైనా ఆ మందు మొదలుపెడుతుంటే "ఎన్‌యూడీటీ15 కూడా చూశారా" అని ఒక్క ప్రశ్న అడగండి. అలాగే మలేరియాకు 14 రోజుల ప్రైమాక్విన్ గోలీలు ఇచ్చే ముందు ఎర్ర కణాలను కాపాడే జీ6పీడీ అనే ఎంజైము పరీక్ష చేయించాలి. మూత్రం కోకోకోలా రంగులోకి మారితే గోలీ ఆపేసి వెంటనే దవాఖానకు. ఆ రోజుల్లోనే జీ6పీడీ చూస్తే తప్పుగా నార్మల్ రావొచ్చు, మూడు నెలల తర్వాత మళ్లీ చూడాలి.

ఇక రక్తం ఇవ్వాలా అన్న ప్రశ్న. జీనోమ్ ఇండియా ప్రాజెక్టు 83 సమూహాల నుంచి దాదాపు 10,000 మంది జన్యు సమాచారం సేకరించింది, 2025 జనవరిలో పరిశోధకులకు అందుబాటులోకి తెచ్చింది. గొప్ప అడుగు. కానీ దేశంలో సమూహాలు 4,600 పైనే. మీరు ఇవ్వకపోతే మీ మనవడి రిపోర్టులో కూడా ఇదే "వీయూఎస్" ఉంటుంది. అందుకే ఇవ్వమంటున్నాను.

భయం కూడా న్యాయమైనదే. అమెరికాలో హవాసుపాయ్ తెగ వాళ్లు మధుమేహం పరిశోధన అని రక్తం ఇస్తే, అరిజోనా స్టేట్ యూనివర్సిటీలో దాన్ని స్కిజోఫ్రీనియాకు, లోపలి పెళ్లిళ్లకు, వలస చరిత్రకు సంబంధించిన పనులకు కూడా వాడారు. కేసు నడిచి 2010లో 41 మందికి 7 లక్షల డాలర్లు ఇచ్చి, మిగిలిన నమూనాలు తిరిగి అప్పగించారు. అలాంటిది జరగకూడదంటే ముందే అడగాలి.

మన దగ్గర వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాలు ఉన్నాయి. ఎథిక్స్ కమిటీ అనుమతి పత్రం చూపించమనండి, దాని ఫోన్ నంబరు రాసుకోండి. అంగీకార పత్రం తెలుగులో ఉండాలి, తండాలో పెద్దవాళ్లకు లంబాడా భాష గోర్‌బోలీలో చెప్పించాలి. వేలిముద్ర వేసేవాళ్ల పక్కన చదువుకున్న సాక్షి ఉండాలి, ఆ సాక్షి పరిశోధన బృందం మనిషి కాకూడదు. తండా పెద్ద నాయక్ ఒప్పుకున్నాడని అందరూ ఒప్పుకున్నట్టు కాదు, పెద్దల అనుమతి అదనం, ఎవరి సంతకం వాళ్లదే. పిల్లలకు తల్లిదండ్రుల సంతకంతో పాటు 7 నుంచి 12 ఏళ్ల వాళ్లను నోటితో, 12 దాటినవాళ్లను రాతతో అడగాలి. పత్రం నకలు మీ చేతికి రావాలి. కూలి పోయిన డబ్బు, దారి ఖర్చు అడగడం మీ హక్కు.

వీటికంటే ముఖ్యంగా ఈ ప్రశ్నలకు రాతపూర్వక జవాబు తీసుకోండి. రక్తం ఎన్నేళ్లు ఉంచుతారు? వేరే పనికి వాడాలంటే మళ్లీ అడుగుతారా? విదేశాలకు పంపుతారా? చికిత్స ఉన్న జబ్బు దొరికితే మాకు చెబుతారా, చెబితే ఆ తర్వాత ఏ దవాఖానకు పంపుతారు? వద్దనుకుంటే ఎవరికి చెప్పి వెనక్కి తీసుకోవాలి? ఎవరు తండ్రి అన్న విషయం పరీక్షలో అనుకోకుండా బయటపడితే ఏం చేస్తారు? ఫలితాల్లో మా తండా పేరు రాస్తారా? ఈ చివరిది చిన్న విషయం కాదు. లింగాల, అమ్రాబాద్ వైపు చెంచు పెంటల్లో (చిన్న గూడేల్లో) పదీ ఇరవై కుటుంబాలే ఉంటాయి, "ఫలానా పెంట, నలభై ఐదేళ్ల మగమనిషి" అంటే పేరు రాయకపోయినా ఎవరో ఊరందరికీ తెలుస్తుంది. పేపర్లో తండా పేరు పడితే ఆడపిల్లల సంబంధాలు తప్పిపోతాయి. ఫోన్ నంబర్లు రెండు ఇవ్వండి, ఒకటి ఆశా కార్యకర్తది, ఎందుకంటే వలసలో సిమ్ మారితే ఫలితం మీకు చేరదు. జవాబులు సరిగ్గా చెప్పలేని బృందానికి ఇవ్వకండి, ఇంకో బృందం వస్తుంది.

వదిన సంగతి. రెండు కాపీల జబ్బు అని తేలితే ప్రతి కాన్పులో నాలుగింట ఒక వంతు అవకాశం జబ్బుకు, రెండు వంతులు మోయడానికి, ఒక వంతు ఏమీ లేకుండా ఉండటానికి. మొదటి బిడ్డకు వచ్చింది కాబట్టి తర్వాతి ముగ్గురికి రాదనుకోవద్దు, లెక్క ప్రతిసారీ కొత్తగా మొదలవుతుంది. మార్పు జబ్బు చేసేదేనని ఖాయమైతేనే కడుపులో బిడ్డకు పరీక్ష చేస్తారు: 11 నుంచి 14 వారాల మధ్య మావి ముక్కతో, లేదా 15 వారాలు దాటాక ఉమ్మనీటితో. ఫలితానికి రెండు మూడు వారాలు పట్టొచ్చు. వీయూఎస్‌గానే ఉంటే ఆ పరీక్ష చేయరు, చేయకూడదు కూడా. అందుకే తల్లిదండ్రుల, తోబుట్టువుల పరీక్షలు గర్భానికి కనీసం రెండు మూడు నెలల ముందు మొదలుపెట్టండి. అప్పటికే నెల తప్పి ఉంటే మొదటి వారాల్లోనే నిమ్స్‌కు వెళ్లండి, ఐదో నెల దాకా ఆగొద్దు.

రిపోర్టు మొదటి రెండు పేజీల ఫొటో ఇక్కడ పెడితే జన్యువు పేరు, మార్పు రాత చూసి ఇంకా ఏం చేయొచ్చో చెబుతాను. పెట్టే ముందు బాబు పేరు, ఊరు, ఫోన్ నంబరు, ల్యాబు బార్‌కోడ్ కనబడకుండా కొట్టేయండి.